తివాచీల దుర్గంధము – ఇంటిలోని మందులు



గోడమీది పటమునకు దుమ్ము పట్టినచో కంటికి గనబడును. ఇత్తడిచెంబునకు చిలుము పట్టినచో చేతికి దెలియును. తివాచీకి పట్టిన దోషము మాత్రము కంటికిని చేతికిని అందక ముక్కునకు దెలియును. అదియు మన ముక్కునకు గాదు, ముందుగా పరుల ముక్కునకు దెలియును. దినదినము ఆ గదిలోనే మసలువారికి ఆ వాసన యలవాటైపోవును గావున ఇంటి యిల్లాలే దానిని కడపట గుర్తించును. ఈ నెల మేము తివాచీలకు పట్టు దుర్గంధమును గూర్చియు, దానిని అంగడి పరిమళములతో గాక ఇంటిలోని వస్తువులతోనే పోగొట్టు విధమును గూర్చియు వ్రాయదలచితిమి. ఇందు కొంత మేము చదివి తెలిసికొన్నది. ఎక్కువభాగము మాయింట మేము చేసిన యొక తప్పువలన నేర్చుకొన్నది.

తివాచీ మన తెలుగునాట క్రొత్తవస్తువు కాదు. ఏలూరు ఉన్నితివాచీలకును, ఓరుగల్లు తివాచీలకును, జంఖానాలకును చిరకాలమునుండి పేరు గలదు. ఏలూరున ఈ పని చేయువారి పూర్వులు పారశీకమునుండి వచ్చిరని చెప్పుకొందురు. ఓరుగల్లున నేసిన తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమున నుంచబడినవి. ఓరుగల్లు జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇప్పుడు అంగడిలో నైలాను, పాలీప్రొపిలీను మొదలగు కృత్రిమ దారములతో యంత్రములపై నేసినవియు విరివిగా దొరకుచున్నవి. ఉన్ని, నూలు, కృత్రిమదారము అను ఈ మూటికిని వేర్వేరు స్వభావములు గలవు. ఒకదానికి హితమైన మందు వేరొకదానికి విషము కావచ్చును. కావున ఏ మందైనను వేయుటకు ముందు మన యింటనున్నది యేజాతి తివాచీయో తెలిసికొనవలెను. అంచునుండి రెండు పోగులు లాగి నిప్పు జూపినచో, ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన గొట్టి పొడియగు బూడిద యగును. నూలు కాగితమువలె మండును. కృత్రిమదారము కరగి గట్టిపూస యగును. ఈ పరీక్షను తివాచీకి దూరముగా, నీటిగిన్నె దగ్గర నుంచుకొని చేయవలెను.

మాయింట జరిగిన సంగతి

మాయింట నొక యేలూరు తివాచీ గలదు. మా మామగారు బడిపంతులుగా నున్న దినములలో నెలనెలకు కొంత మిగిల్చి, తమ కుమార్తె పెండ్లిచూపులనాడు వచ్చినవారు కూర్చుండుటకై దానిని కొనిరట. ఆయన గతించి చాలకాలమైనది. ఇప్పుడు సాయంకాలము మావారు చదువు చెప్పు పిల్లలు దానిమీద గూర్చుందురు. పగటివేళ ఎనుబదవయేట నున్న మా యత్తగారు దానిమీద గూర్చుండి వత్తులు చేసికొందురు.

రెండేండ్ల క్రిందట వరలక్ష్మీవ్రతము నాడు పేరంటమునకు ఆ తివాచీనే పరచితిమి. అంతకు ముందు మూడు దినములనుండి ముసురు పట్టియున్నది. ఉదయము గదిలో నేదో కమరువాసన తోచగా, అంగడినుండి తెచ్చిన సువాసనద్రవము సీసాలో సగము దానిపై జల్లి, సాంబ్రాణి కూడ వేసి, పని యైపోయినదనుకొంటిమి. పేరంటాండ్రు వచ్చి కూర్చుండిన కొంతసేపటికి, ఒక చిన్నపిల్ల “పిన్నీ, ఇక్కడేదో వాసనొస్తోంది” అనెను. తల్లి యా పిల్ల నోరు మూసెను. అందరును వినియు విననట్లు కూర్చుండిరి. మాకు మొగమున నెత్తురు లేకపోయెను.

అందరును వెడలిన పిదప, తివాచీ మూల నెత్తి చూచితిమి. క్రిందివైపున పసుపుపచ్చని మచ్చ యొకటి యున్నది. ఆ కోపములో మేము, “ఎవరు చేశారో చెప్పి ఉంటే ఇంత పరువు పోయేది కాదు గదా!” అని ఇల్లంతయు వినబడునట్లు అంటిమి. చదువునకు వచ్చు పిల్లలలో నెవరో పసివాడు చేసియుండునని మా యూహ. ప్రక్కగదిలో మా యత్తగారున్నారన్న తలంపే మాకు లేకపోయెను.

ఆనాటినుండి ఆమె తివాచీమీద కూర్చుండుట మానిరి. వసారాలో బండమీద గూర్చుండసాగిరి. మోకాళ్ల నొప్పిచేత క్రింద గూర్చుండలేకున్నారని తలచితిమి. బండయు క్రిందనే యున్నదని మాకు తోచలేదు. ఉదయము మేము నింపియుంచిన మరచెంబులోని నీరు సాయంకాలమునకును అట్లే యుండెడిది. దానినిగూడ వానకాలముగదా, దాహము తక్కువ యనుకొంటిమి. పండ్రెండవనాడు ఆమె పెరటిలో కండ్లు తిరిగి పడిరి. జ్వరము కూడ గలదు. వైద్యురాలు పరీక్షించి, మూత్రకోశమునకు ఇన్‌ఫెక్షన్ సోకినదనియు, దేహమున నీరు మిక్కిలి తగ్గినదనియు చెప్పి, “నీళ్లు తాగటం లేదా అమ్మా?” అని యడిగెను. మా యత్తగారు మాటాడలేదు.

ఆ రాత్రి ప్రక్కన గూర్చున్న మాతో ఆమె మెల్లగా ననిరి: “అమ్మాయీ, తివాచీ పాడుచేసింది నేనేనే. మీ మామగారు కొన్నది. నీళ్లు తాగకపోతే మళ్లీ అట్లా జరగదు గదా అని మానేశాను.”

చిన్ననాడు మా తండ్రిగారు మమ్ము ఎదుట గూర్చుండబెట్టుకొని అమరము వల్లెవేయించిరి. సువాసనకును దుర్వాసనకును ఎన్నియో పర్యాయపదములు మాకు నోటికి వచ్చును. ఆ దినమున మాత్రము ఆమెకు చెప్పుటకు మాకొక్కమాటయు రాలేదు. ఆమె పాదములు పట్టుకొని కూర్చుంటిమి.

మందులు పదిదినములు వాడగా ఆమెకు జ్వరము తగ్గెను. పట్టు తప్పుట కూడ చాలవరకు తగ్గెను. దానికి ఆ జాడ్యమే ముఖ్యకారణమట. కావున తివాచీల మాట వ్రాయుటకు ముందు ఈ యొక్కమాట వ్రాయుచున్నాము. మీ యింట పెద్దవారికి మూత్రము పట్టు తప్పుచున్నచో అది వయసుతో వచ్చు అపరాధము కాదు. పెక్కుసార్లు వైద్యమునకు లొంగు వ్యాధి. నీరు త్రాగుట తగ్గించినచో మేలు కలుగకపోగా జాడ్యము పెరుగును. వారిని రెండుమూడు గంటల కొకసారి మనమే మరుగునకు తీసికొనిపోవుట, రాత్రివేళ దారిలో చిన్నదీపము వెలుగుచుండునట్లు చూచుట, పరుపుపై రబ్బరుగుడ్డ వేయుట – ఇవి చాలును. వాసన యెవరివలన వచ్చినదని పదిమంది యెదుట నడుగుట మాత్రము వలదు.

వాసన యెచ్చటనుండి వచ్చును?

మేము సువాసనద్రవము చల్లినను వాసన పోకపోవుటకు కారణము తరువాత దెలిసినది. పరిమళము దుర్గంధమును కప్పును గాని తీసివేయదు. కప్పిన పరిమళము గంటలో నెగిరిపోవును. క్రిందిది అట్లే యుండును. పైగా రెండు వాసనలు కలిసి మూడవది పుట్టును. కావున మందు వేయుటకు ముందు వాసన జాతి నెఱుగవలెను. మా యనుభవమున నివి మూడు జాతులు.

మొదటిది చెమ్మవాసన. ఉన్ని తన బరువులో దాదాపు మూడవవంతు తేమను పీల్చుకొనియు చేతికి తడి తెలియనీయదు. ముసురుదినములలో, అందును సిమెంటునేలమీద, తివాచీ క్రిందివైపున చెమ్మ నిలిచి బూజు పట్టును. మట్టివాసనవంటి ఆ కమరువాసన బూజుదే. దీనికి మందు గాలియు నెండయు మాత్రమే. పొడి యేదియు పనిచేయదు.

రెండవది పులుపువాసన. పాలు, మజ్జిగ, నేయి, చెమట, పాదముల జిడ్డు – ఇవి నిలిచి మురిగినపుడు ఆమ్లములు పుట్టును. ఈ జాతికి వంటసోడా తగిన మందు. అది మృదువైన క్షారము. ఆమ్లముతో గూడి వాసనలేని లవణమును చేయును.

మూడవది మూత్రపువాసన. మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు విరిచి అమోనియా అను ఘాటైన వాయువును పుట్టించును. అది క్షారము గావున దానికి సోడా మందు కాదు, పులుపే మందు. మూత్ర మెండిన పిదప మిగులు లవణములు గాలిలోని తేమను లాగుకొనును. అందువలననే వేసవిలో తెలియని వాసన ముసురు పట్టగనే మరల లేచును. మాయింట పేరంటమునాడు జరిగినది ఇదియే.

ఎండయు గాలియు

అన్ని జాతుల తివాచీలకును మొదటి చికిత్స యొక్కటియే. వారమున కొకసారి తివాచీ నెత్తి నేలను పొడిగా తుడిచి, ఆరిన పిదపనే మరల పరవవలెను. సిమెంటునేల యైనచో క్రింద నొక ఈతచాప పరచినచో చెమ్మ నేరుగా తగులదు. నెలకొకసారి తివాచీని పిట్టగోడమీద తలక్రిందుగా వేసి వీపువైపునుండి బెత్తముతో కొట్టవలెను. ముఖమువైపున కొట్టినచో ధూళి యింకను లోనికి బోవును. కొట్టువారు పమిటచెంగు ముక్కునకు గట్టుకొనవలెను. ఉబ్బసముగలవారు దగ్గర నుండరాదు. ఆ ధూళిలో కంటికి గనబడని పురుగులును వాని మలమును ఉండును. ఉబ్బసమును రేపునవి యవియే.

పిదప ఉదయపుటెండలో రెండు మూడు గంటలు, వీపు పైకి వచ్చునట్లు నులకమంచముమీద పరవవలెను. నులక సందులగుండ గాలి రెండువైపులను తగులును. ఇంతకంటె మంచి ఆరబెట్టు సాధనము మాకు దొరకలేదు. మిట్టమధ్యాహ్నపుటెండలో ముఖము పైకి వేసినచో రంగు వెలిసిపోవును. కృత్రిమదారపు తివాచీలను దినములతరబడి ఎండలో వదలినచో దారము పెళుసై రాలును.

సోడాపొడి చేయు విధము

ఒక వెడల్పుమూతి గాజుసీసాలో ఇంచుమించు 250 గ్రాముల వంటసోడా పోయుడు. వట్టివేళ్లు ఒక పిడికెడు కడిగి, నీడలో బాగుగా నెండబెట్టి, చిన్నముక్కలుగా గత్తిరించి, పలుచని మల్లుగుడ్డలో మూటగట్టి ఆ సోడా నడుమ పెట్టి బిగువుగా మూతపెట్టుడు. పదిదినములలో సోడాకు వట్టివేళ్ల చల్లని వాసన పట్టును. వట్టివేళ్లను పొడిచేసి సోడాలో గలుపుమని కొందరు చెప్పుదురు; మేమట్లు చేసి చూచితిమి. ఆ గోధుమరంగు పొడి లేతరంగు తివాచీకి మరకవలె పట్టి తీయుట కష్టమైనది. మూటయే మేలు. వట్టివేళ్లు లేనివారు ఎండబెట్టిన నారింజతొక్క లేక బత్తాయితొక్క మూటగట్టవచ్చును. తొక్క గలగలలాడునంత ఎండవలెను. తేమ యున్నచో సోడా గడ్డకట్టును.

మనవారు వట్టివేళ్లను ఉశీరమని పిలిచి ఎన్నియో పరిమళములలో వాడిరి. అరువదినాలుగు కళలలో గంధయుక్తి యొకటి. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తికి ఒక యధ్యాయమునే కేటాయించెను. వంటయింటిలో మనము చేయు ఈ చిన్నపనియు ఆ కళలోనిదే యని తలంచిన పనిలో విసువు తెలియదు.

వాడు విధము: సాయంకాలము తివాచీని శుభ్రముగా ఊడ్చి, అది పూర్తిగా పొడిగా నున్నదని చూచుకొని, పిండిజల్లెడలో ఈ పొడి నుంచి పలుచగా జల్లుడు. నాలుగడుగుల వెడల్పును ఆరడుగుల పొడవును గల తివాచీకి ఒక చిన్న కాఫీగ్లాసెడు చాలును. మెత్తని కుంచెతో పోగులలోనికి దిగునట్లు రుద్ది రాత్రియంతయు వదలివేయుడు. ఆ రాత్రి పిల్లలను, పిల్లులను ఆ గదిలోనికి రానీయకుడు. ఉదయము బయటికి తీసికొనిపోయి వీపువైపునుండి కొట్టి దులుపుడు. ధూళిని పీల్చు యంత్రముగలవారు దానిని వాడవచ్చును గాని, సన్నని సోడాపొడి దాని జల్లెడను మూసివేయును గావున ముందుగా చీపురుతో నూడ్చి, పిదప యంత్రమును నడుపుట మంచిది. సోడాను ఉన్నిలో మిగులనీయరాదు; తడి తగిలినచో ఆ క్షారము ఉన్నికి చెఱుపు.

ఒక హెచ్చరిక. వంటసోడా వేరు, చాకలిసోడా వేరు. చూపునకు రెండును తెల్లని పొడులే. చాకలిసోడా తీక్ష్ణమైన క్షారము. ఉన్నిని బిరుసెక్కించి రంగును చెఱచును. రెండు డబ్బాలమీదను పేరులు వ్రాసి యుంచుకొనుడు.

మూత్రము, పాలు పడినపుడు

పసిబిడ్డయైనను పెద్దవారైనను మూత్రము పడిన వెంటనే పాత నూలుగుడ్డను మడతపెట్టి అదిమి తడిని పీల్చవలెను. రుద్దినచో తడి ప్రక్కలకు ప్రాకి మచ్చ పెద్దదగును. తరువాత చన్నీరు కొంచెము పోసి మరల అదుమవలెను, ఇట్లు రెండుమూడుసార్లు. పిదప ఒక గ్లాసు తెల్లని వెనిగరునకు మూడు గ్లాసుల నీరు గలిపి, ఆ నీటితో మచ్చ తడియునట్లు చేసి పదినిముసములు వదలి, అదిమి తీసి, కడపట మంచినీటితో మరల అట్లే చేయవలెను. వెనిగరు లేనిచో వడగట్టిన నిమ్మరసము కొలది నీటిలో కలిపి వాడవచ్చును గాని, నిమ్మరసము కొన్ని రంగులను వెలయించును. ఏదైనను ముందుగా మూలన నొకచో తెల్లని తడిగుడ్డతో అద్ది చూడుడు. గుడ్డకు రంగంటినచో తడిమందు మానుడు. పని యైన పిదప నులకమంచముమీద వేసి పూర్తిగా ఆరువరకు గాలికుంచవలెను. లోపలి తడి మిగిలినచో దుర్గంధము పోయి బూజు వచ్చును.

కొందరు వెనిగరును సోడాను ఒక్కసారి కలిపి పోయుదురు. నురుగు పొంగుట చూచి బలమైన మందని తలంతురు. ఆ పొంగు బొగ్గుపులుసు గాలి వెడలుట మాత్రమే. ఆమ్లమును క్షారమును ఒకదాని నొకటి చంపుకొని మిగిలినది ఉప్పునీరు వంటిది. ముందు పులుపు, పూర్తిగా ఆరిన పిదప సోడా – ఇది వరుస.

మాయింటి మచ్చ పాతది గావున ఈ చికిత్స మూడుసార్లు చేయవలసివచ్చెను. పాతమచ్చలలో నీటికి సులభముగా కరగని పదార్థములు మిగులును. వానికై ఎంజైములు గల ద్రవములు ఇప్పుడు అంగడిలో దొరకుచున్నవి. కాని మాంసకృత్తులను విరుచు ఎంజైము ఉన్నిని, పట్టునుగూడ తినును; ఏలయన నవియు మాంసకృత్తులే. ఉన్నికి వాడదగునని సీసామీద వ్రాసియున్నచో తప్ప వాడరాదు. మేము వాడలేదు.

పాలు, మజ్జిగ పడినపుడు వేడినీరు పోయరాదు. వేడికి పాలలోని సారము పోగులకు గట్టిగా నంటుకొనును. చన్నీటితో అదిమి తీసి, కుంకుడురసపు నురుగుతో మాత్రము తుడిచి, మంచినీటితో మరల తుడువవలెను. కుంకుడుకాయ ఉన్నికి సబ్బుకంటె హితము. అందు సబ్బువలె క్షారము లేదు. ఐనను దాని రసపు రంగు తెల్లని తివాచీకి పట్టును గావున పలుచని నురుగునే వాడవలెను. ఆరిన పిదప సోడాపొడి. నేయి, నూనె యొలికినపుడు మొదట సోడాపొడియో, పొడి బియ్యపుపిండియో దట్టముగా వేసి, జిడ్డు పీల్చిన పిదప ఊడ్చి, ఆ మీదట కుంకుడునురుగు వాడవలెను. పిండిని మాత్రము రాత్రియంతయు నుంచరాదు; చీమలకు, పురుగులకు విందగును.

దాచునపుడు

వేసవిలో చుట్టి దాచు ఉన్నితివాచీకి చిమ్మటపురుగు భయము. పురుగు తినునది ఉన్నినే యైనను, చెమటయు జిడ్డును అంటిన చోటునే ముందుగా తినును. కావున దులిపి, ఎండబెట్టి, చల్లారిన పిదపనే చుట్టవలెను. మడతపెట్టక, వెదురుబొంగుమీద చుట్టి, పాత నూలుచీరతో కప్పుట మంచిది. నడుమ నీడలో నెండిన వేపాకును, వసకొమ్ముముక్కలను మల్లుగుడ్డలో నుంచవచ్చును. ఇవి పురుగును కొంత దూరముంచును గాని చంపునని నమ్మి నిశ్చింతగా నుండరాదు. రెండునెలల కొకసారి విప్పి ఎండ చూపవలెను.

తడిబూజువాసన గల గదిలో కట్టెబొగ్గులు మట్టిమూకుడులో పోసి మూలన నుంచుట మేలు. బొగ్గు వాసనలను పీల్చును. పదునైదు దినముల కొకసారి వానిని ఎండబెట్టి మరల నుంచవచ్చును.

చేయరాని పనులు

నాఫ్తలీను ఉండలు పెట్టకుడు. కొందరు పసిపిల్లలకు పుట్టుకతో నెత్తుటిలో నొక ఎంజైము లోపముండును. అట్టివారికి ఆ యుండల వాసనయే ఎఱ్ఱకణములను విరిచి ప్రాణాపాయము తేగలదు. హారతికర్పూరము కూడ బిడ్డ నోటబెట్టుకొన్నచో విషమే, మూర్ఛలు వచ్చును. బ్లీచింగుపొడి ఉన్నిని కరగించివేయును. వెనిగరుతో కలిసినచో ఊపిరికి హానిచేయు విషవాయువు పుట్టును. సాంబ్రాణి పూజకు వేసికొనుడు. తివాచీ వాసన కప్పుటకు మాత్రము వలదు. పొగ గదిలో నిలిచినచో ఉబ్బసముగలవారికి, పసిపిల్లలకు, పెద్దవారికి దగ్గు తెచ్చును. నిప్పురవ్వ యొకటి పడినను తివాచీకి కన్నము పడును.

కడపటి మాట

మేము తివాచీని బాగుచేసి ఆరబెట్టి లోనికి తెచ్చిననాడు మా యత్తగారిని పిలిచితిమి. ఆమె గడపకడ నిలిచి, “నేను వసారాలో కూర్చుంటానులే అమ్మాయీ” అనిరి. మేము బలవంతము చేయలేదు. తివాచీక్రింద రబ్బరుగుడ్డ పరచి, పైన ఉతికిన బొంత నొకటి వేసి, మా పసివాడు చిన్ననాడు పండుకొన్నదీ బొంతయేనని చెప్పి, “అత్తయ్యగారూ, వాడు ఎన్నిసార్లు తడిపినా మీరే ఉతికి ఆరేశారు. ఇప్పుడు నా వంతు” అంటిమి. ఆమె కొంతసేపు పలుకక, వత్తులపళ్లెము తీసికొని వచ్చి కూర్చుండిరి. ఆ సాయంకాలము మరచెంబులోని నీరు సగమయ్యెను.

అమరములో దూరమునకు వ్యాపించు పరిమళమునకు ఆమోదమని పేరు. ఆ మాటకే సంతోషమనియు అర్థము గలదు. మన తెలుగున దానిని సమ్మతి యను నర్థమునగూడ వాడుచున్నాము. చిన్ననాడు వల్లెవేసిన యా మాట మాకు ముప్పది యేండ్లు దాటిన పిదప తెలిసినది. సోడాయు, వట్టివేరును, వెనిగరును తివాచీకి చాలును. ఇంటిలోని మనిషికి, నీవిచ్చట గూర్చుండవచ్చునను సమ్మతి గావలెను.

ఈ నెల ఎండ దొరికిన మొదటి ఉదయముననే మీ తివాచీ నెత్తి క్రిందివైపు చూడుడు. మచ్చ కనబడినచో నిశ్శబ్దముగా బాగుచేయుడు. అటుపిమ్మట, మీ యింటి పెద్దల మరచెంబు సాయంకాలమున ఖాళీయగుచున్నదో లేదో కూడ ఒకసారి చూడుడు.

వచ్చు నెల పట్టుచీరలను దాచు విధమును గూర్చి వ్రాయుదుము.